గుండు ఎత్తినవాడి కాళ్ళు

కరోనా తగ్గి, మాస్కులు ముఖాల మీది నుంచి జేబుల్లోకి దిగిన ఏడాది అది. ఆగిపోయిన జాతరలు ఒక్కొక్కటే మళ్ళీ మొదలవుతున్నాయి. అప్పటికి కొన్నేళ్ళుగా నేను బళ్ళారి జిల్లాలో అంబులెన్స్ మీద ఈఎంటీగా పనిచేస్తున్నాను. ఈఎంటీ అంటే డాక్టరు కాదు. ఆసుపత్రి చేరేదాకా మనిషిని కాచుకొని ఉండే ఉద్యోగం. మాది కప్పగల్లు. నర్సింగ్ చదివి, ఆసుపత్రి వార్డులో కుదురుగా ఉండలేక బండి ఎక్కాను. మా బండి సిరిగేరి దగ్గర నిలబడి ఉండేది. నడిపేది బసవరాజు. మా వాడుకలో డ్రైవరును పైలట్ అంటాం. అతనిది కన్నడం, నాది తెలుగు. బండిలో మాత్రం ఎవరు ఏ భాష మాట్లాడుతున్నారో మాకే గుర్తుండేది కాదు.

శిక్షణలో మాకు రెండు పాఠాలు కలిపి చెప్పారు. శరీరంలో ఏది ఎక్కడుందో చెప్పేది అనాటమీ. అది ఎలా పనిచేస్తుందో చెప్పేది ఫిజియాలజీ. నాకు మొదటిదే ఇష్టంగా ఉండేది. బొమ్మ చూస్తే గుర్తుండిపోయేది. రెండోదాని మీద ఆసక్తి పుట్టించింది పుస్తకం కాదు, ఎర్రిస్వామి అనే హమాలి.

ఆ ఉదయం కాల్ వచ్చేసరికి బసవరాజు అద్దం తుడుస్తున్నాడు. పక్షవాతం అన్నారు. వయసు ముప్పై లోపే అన్నారు. అంత చిన్న వయసులో పక్షవాతం రాదని కాదు, కానీ వింటూనే ఏదో తేడాగా అనిపించింది. ఊరు సిరిగేరి దాటాక వరిమళ్ళ మధ్యకు వెళ్ళే దారిలో ఉంది. పేరు రాయను. ముందురోజే అక్కడ జాతర జరిగింది. దారికి అడ్డంగా కట్టిన కాగితపు తోరణాల కింది నుంచి బండి పోయింది.

ఇంటి ముందు చాలామంది గుమిగూడారు. పందిరి కింద నులకమంచం మీద ఎర్రిస్వామి వెల్లకిలా పడుకొని ఉన్నాడు. రైస్ మిల్లులో మూటలు మోసే మనిషి. భుజాలు చూస్తేనే తెలుస్తుంది. ముఖంలో భయం ఉంది కానీ మాట స్పష్టంగానే ఉంది.

"కాళ్ళు ల్యావడం లేదు సిస్టర్. పొద్దన్నే లేద్దామని చూస్తే తొడలు నావి కానట్లుండాయి. ఇప్పుడు చేతులు గూడా బరువైతాండాయి."

నేను మంచం పక్కన కూర్చోకముందే అతని అన్న ఈరన్న అడ్డం వచ్చాడు. "ఇది రోగం కాదు సిస్టర్. మా తమ్మునికి మందు పెట్టినారు. నిన్న జాతరలో గుండు ఎత్తినోడు, ఈ పొద్దు కాలు ఎత్తలేకుండాడు. ఏం పెట్టినాడో వాన్ని అడగండి."

ఈరన్న చూపించిన వైపు చూశాను. ఎదురింటి అరుగు మీద ఒక యువకుణ్ణి కూర్చోబెట్టి, ఇద్దరు మగవాళ్ళు చెరో చెయ్యి పట్టుకొని ఉన్నారు. అతని అంగీ భుజం దగ్గర చినిగి ఉంది. పేరు హనుమంతు. సంగతి ఏమిటంటే, ముందురోజు గుండురాయి ఎత్తే పోటీలో చివరికి మిగిలినవాళ్ళు ఇద్దరే, ఎర్రిస్వామి, హనుమంతు. ఎర్రిస్వామి గెలిచాడు. ఓడినవాడు గెలిచినవాణ్ణి ఇంటికి పిలిచి భోజనం పెట్టడం ఆ ఊరి మర్యాద. హనుమంతు పెట్టాడు. ఎర్రిస్వామి కడుపునిండా తిని, ఇంటికొచ్చి పడుకున్నాడు. తెల్లారేసరికి ఇలా అయింది. ఊరికి ఇంకే సాక్ష్యం కావాలి? ఓడిన కోపంతో అన్నంలో ఏదో కలిపాడని తేల్చేశారు.

తిండిలో మందు పెట్టారన్న అనుమానం మా వైపు చిన్న విషయం కాదు. దాని వల్ల కుటుంబాలు ఊరు విడిచిపోవడం నాకు తెలుసు. కానీ ముందు నా ఎదురుగా ఉన్న మనిషిని చూడాలి.

విషమే అయితే ఏ విషం? ఈ పొలాల్లో ఎక్కువగా దొరికేది పురుగులమందు. అది ఒంట్లోకి పోతే కంటిపాప సూదిమొనంత అవుతుంది, నోట్లోంచి చొల్లు కారుతుంది, ఛాతీలో గరగర వినిపిస్తుంది. ఎర్రిస్వామి కంటిపాపలు మామూలుగా ఉన్నాయి. నోరు ఎండిపోయి ఉంది. జాతర అలసటలో నేల మీద పడుకున్నాడేమో, కట్లపాము కరిచిందేమో అని రెండో అనుమానం. ఆ పాము కాటు చాలాసార్లు కనిపించదు కూడా. కానీ దాని విషం ముందు కనురెప్పలను పట్టుకుంటుంది. రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, తర్వాతే కిందికి దిగుతుంది. ఇతనికి రెప్పలు చక్కగా లేస్తున్నాయి. బలహీనత కాళ్ళలో మొదలై పైకి వస్తోంది.

మూడోది వెన్ను. అంత బరువు ఎత్తాడు కదా, వెన్నుపూస ఏదైనా జారి లోపలి స్పైనల్ కార్డ్‌ను నొక్కుతోందా? కార్డ్ అంటే మెదడు నుంచి వెన్నులోకి దిగే నరాల కట్ట. కదలమనే ఆజ్ఞ దానిలోంచే కిందికి పోతుంది. తాకినా గుచ్చినా ఆ కబురు దానిలోంచే పైకి వస్తుంది. అది గట్టిగా దెబ్బతింటే మామూలుగా రెండూ చెడతాయి.

"కళ్ళు మూసుకో ఎర్రిసామప్పా. నేను ముట్టుకుంటా, యాడ ముట్టుకున్నానో చెప్పు."

పెన్ను మూతతో పాదం గీశాను.

"ఎడమ కాలు. అరికాలు."

మోకాలి పక్కన వేలు ఆనించాను.

"కుడి మోకాలు. చెయ్యి సల్లగుండాది నీది."

అన్నీ తెలుస్తున్నాయి. కాలివేళ్ళు ఆడించమంటే ఆడించాడు. చీలమండ కూడా కొంచెం కదిలింది. కానీ తొడ ఎత్తమంటే పళ్ళు బిగించి, నుదుటి నరాలు ఉబ్బేలా ప్రయత్నించినా తొడ మంచం వదలలేదు. చిన్న కండరాలు పనిచేస్తున్నాయి, పెద్దవి మొరాయించాయి. నరం తెగితే ఇలా ఉండదు. వైరు బాగానే ఉంది, మోటారే తిరగడం లేదు. నా సర్వీసులో అలాంటిది ఎప్పుడూ చూడలేదు. భయం ఉన్నమాట నిజమే. దాని పక్కనే, ఇది ఏమై ఉంటుందా అన్న ఆలోచన కూడా నన్ను వదలలేదు.

మణికట్టు పట్టుకుంటే ఇంకో వింత. మంచం మీద కదలకుండా పడుకున్న మనిషికి, పరుగెత్తి వచ్చినవాడి నాడి కొట్టుకుంటోంది. అరచేతుల్లో చెమట. సుగర్ చూశాను, మామూలుగానే ఉంది.

ఊళ్ళో సూదులు వేసే పెద్దాయన ఒకరు అప్పటికే వచ్చి, పందిరి గుంజకు గ్లూకోజ్ సీసా కట్టి ఉంచారు. "నీరసానికి ఒక సీసా ఎక్కిస్తే లేస్తాడేమో మేడం. మీరు వస్తాండారంటే ఆగినాను" అన్నారు. ఆయన ఆగడం మంచిదైంది. మాకు కాల్ సెంటర్‌లో ఒక డాక్టరు ఎప్పుడూ లైనులో ఉంటారు. బండిలో ఏ మందు ఇవ్వాలన్నా వారిని అడిగే ఇస్తాం. ఆ డాక్టరుకు ఫోన్ చేసి చూసిందంతా చెప్పాను. ఆయన రెండే ప్రశ్నలు వేశారు. నిన్న ఏం పని చేశాడు? రాత్రి ఏం తిన్నాడు? చెప్పాను.

"గ్లూకోజ్ పెట్టొద్దు" అన్నారు వెంటనే. "రక్తంలో పొటాషియం పడిపోయి ఉండొచ్చు. గ్లూకోజ్ పోతే ఇంకా పడిపోతుంది. మానిటర్ పెట్టి గుండె చూస్తూ ఉండు. గుండె కూడా కండరమేనని మర్చిపోకు. ఊపిరి చూస్తూ ఉండు. నేరుగా ఐసీయూ ఉన్నచోటికి, బళ్ళారికి తీసుకుపో."

నేను ఆ మాట చెప్పగానే పెద్దాయన సీసా విప్పేశారు. స్ట్రెచర్ ఎత్తడానికి ఆయనే ముందు చెయ్యి వేశారు.

స్ట్రెచర్ బండి దగ్గరికి వచ్చేసరికి ఎదురింటి అరుగు దగ్గర గొంతులు పెరిగాయి. మేము కదిలితే అక్కడ ఏం జరుగుతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. హనుమంతు తలెత్తకుండా, బండి చక్రాల వైపే చూస్తున్నాడు. నేను గట్టిగా అందరికీ వినపడేలా చెప్పాను.

"నిన్న అన్నం పెట్టినాయన నాతో రావాల. ఏం వండినారు, ఎంత తిన్నాడు అని డాక్టరు అడుగుతాడు. ఆయన లేకపోతే వైద్యం ఆలస్యమైతాది."

"వాడా?" అన్నాడు ఈరన్న. "వాడు బండెక్కితే దారిలో ఇంకేమన్నా చేస్తాడు."

అప్పటిదాకా మొగుడి తలవైపు నిలబడి చెంగు నోటికి అడ్డం పెట్టుకున్న సుంకమ్మ మాట్లాడింది. ఆమె ఎర్రిస్వామి భార్య. "నేనుండాను గదా బావా. రానీ. డాక్టరుకు కావాలంటాండారు."

ఈరన్న ఆమె ముఖం చూసి పక్కకు జరిగాడు. హనుమంతు చేతులు వదిలేశారు. అతను ఎక్కగానే బసవరాజు తలుపు వేసి, "హోగోణ మేడం" అని బండి కదిలించాడు.

మానిటర్ అంటించాను. గీతలు వేగంగా పోతున్నాయి. మధ్యమధ్య ఒక వెడల్పాటి గీత వరుస తప్పి దూరుతోంది. గుండె కిందిగదుల్లోంచి సమయం కాని సమయంలో వచ్చే దెబ్బ అది. ఒకటి రెండైతే ఫరవాలేదు. వరుసగా వస్తే గుండె ఆగిపోవచ్చు. ఇక ఊపిరి. ఛాతీ ఎంత బలంగా పనిచేస్తోందో తెలుసుకోవడానికి బండిలో యంత్రం లేదు. ఒక చిన్న పరీక్ష ఉంది. ఒక్క ఊపిరి తీసుకొని, ఆపకుండా అంకెలు చెప్పించాలి. ఎంతదాకా పోతే అంత బలం.

ఎర్రిస్వామి బడిలో చదివింది కన్నడం. "ఒందు, ఎరడు, మూరు" అని మొదలుపెట్టి ఇరవై దాటాడు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

"ఏం పెట్టినావప్పా నిన్న?" అని హనుమంతును అడిగాను.

"ఓళిగలు సిస్టర్. మా అమ్మ చేసింది. నెయ్యి, బెల్లం పాలు. మళ్ళ అన్నం, చారు." మా వైపు బొబ్బట్లను ఓళిగలంటాం. "వద్దన్నా నేనే ఇంకా రెండు ఎయ్యమ్మా అని ఏపించినా. గెలిచినాడు గదా, తినాల అని. నేను ఏం కలపలేదు సిస్టర్. నేను తిన్న గిన్నెలోదే ఆయనకూ పెట్టినా."

సుంకమ్మ అతని వైపు చూడలేదు. నన్ను చూస్తూ అంది. "ఇంట్లో గూడా అట్లనే తింటాండాడు సిస్టర్. ఈ మధ్య ముగ్గురి తిండి ఒక్కడే తింటాడు. అయినా అంగీలు వదులైతాండాయి. ఊరికే చెమటలు. పండుకున్నప్పుడు ఎదమీద చెయ్యి ఏస్తే, లోపల ఎవురో పరిగెత్తుతాండేట్లుంటాది."

ఎక్కువ తిండి, తగ్గే ఒళ్ళు, చెమట, పరుగెత్తే గుండె. నాలుగూ ఒకే కారణానికి చెందినవని అనిపించింది కానీ, ఏ కారణమో ఆ క్షణంలో నాకు అందలేదు. ఆసుపత్రిలో చెప్పడానికి గుర్తుపెట్టుకున్నాను.

కాలువ గట్టు దాటి పెద్ద రోడ్డెక్కాక మళ్ళీ అంకెలు చెప్పించాను. పదిహేను దగ్గర ఆగిపోయాడు. ఇంకాసేపటికి పది కూడా కష్టమైంది. మాటల మధ్య ఊపిరి అందుకోవడం కనిపిస్తోంది. నేను తలవైపు ఎత్తుచేసి, ఆంబూ బ్యాగ్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఊపిరి చాలనివాడికి చేత్తో నొక్కి గాలి పంపే రబ్బరు సంచి అది. దాన్ని చూడగానే సుంకమ్మ మొగుడి దగ్గరికి జరిగింది.

"చెప్పు ఎర్రిసామప్పా, ఇంకోసారి."

అతను తల అడ్డంగా ఊపాడు. ఓపిక లేదు. ఓపిక లేదంటే బలం పోతోందో, భయంతో వదిలేస్తున్నాడో నాకు తేలాలి. అప్పుడు సుంకమ్మ మొదటిసారి హనుమంతు వైపు తిరిగింది.

"నువ్వు చెప్పించప్పా. నిన్న గుండు ఎత్తేటప్పుడు నీ గొంతు వినే ఎత్తినాడంట. రాత్రి చెప్పినాడు నాకు."

హనుమంతు స్ట్రెచర్ పక్కన మోకాళ్ళ మీద కూర్చొని, ఎర్రిస్వామి చెయ్యి పట్టుకొని, జాతరలో అరిచినట్టే మొదలుపెట్టాడు. "ఒందు. ఎరడు. ఎత్తప్పా, మూరు." ఎర్రిస్వామి పెదవులు కదిలాయి. ఎనిమిది, తొమ్మిది, పది. పన్నెండు దాకా వచ్చాడు. తర్వాత హనుమంతు కొద్ది కొద్ది విరామాలతో అలాగే చెప్పిస్తూ పోయాడు. అంకె పన్నెండు దాటలేదు, పది కిందికి పడలేదు. నేను ఒక కన్ను మానిటర్ మీద, ఒక చెయ్యి సంచి మీద ఉంచాను. అలాగే బళ్ళారి చేరాం. ఆంబూ బ్యాగ్ వాడే అవసరం రాలేదు.

ఆసుపత్రిలో రక్తం తీశారు. డాక్టరు అనుకున్నదే నిజమైంది, పొటాషియం బాగా కిందికి పడిపోయి ఉంది. సెలైన్‌లో కలిపి, మానిటర్ చూసుకుంటూ నిదానంగా ఎక్కించడం మొదలుపెట్టారు. నేను ఇంకో కాల్‌కు పోయాను. ఆ రోజంతా బండి ఎక్కడ తిరిగినా, ఓళిగలు తింటే కాళ్ళు ఎలా పడిపోతాయన్నది నా తలలోంచి పోలేదు. డ్యూటీ దిగగానే సాయంత్రం నేరుగా ఆసుపత్రికి వెళ్ళాను.

ఎర్రిస్వామి దిండుకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి, దుప్పటి కింది నుంచి కుడికాలు పైకెత్తి చూపించాడు. తర్వాత ఎడమకాలు.

ఐసీయూలోని డాక్టరమ్మ నా ప్రశ్న విని విసుక్కోలేదు. కాగితం మీద ఒక గుండ్రటి గీత గీసి, దాన్ని కండరంలోని ఒక కణం అనుకోమంది. కణం లోపల పొటాషియం ఎక్కువ, బయట రక్తంలో తక్కువ. ఆ తేడా సరైన పాళ్ళలో ఉంటేనే, నరం చెప్పిన మాటకు కండరం కదులుతుంది. బాగా తీపి, అన్నం తిన్నప్పుడు ఇన్సులిన్ పెరుగుతుంది. అది చక్కెరను కణం లోపలికి పంపుతూ, దానితో పాటు పొటాషియాన్ని కూడా లోపలికి తోస్తుంది. మామూలు మనిషికి అది లెక్కలోకి రానంత. ఇతనికి మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తోంది. అందుకే ఆ తిండి, ఆ చెమట, ఆ నాడి. ఆ గ్రంథి హద్దు మీరినప్పుడు కొంతమందిలో ఈ తోయడం విపరీతమవుతుంది. గట్టిగా శ్రమపడి, కడుపునిండా తీపి తిని, ఒళ్ళు మరిచి నిద్రపోతే, తెల్లారేసరికి పొటాషియమంతా లోపలికి పోయి కూర్చుంటుంది. "ఒంట్లోంచి ఏమీ పోలేదు. ఉండాల్సిన చోట లేదు, అంతే" అంది. థైరాయిడ్‌కు మందులు వాడి దారిలో పెడితే ఇది మళ్ళీ రాదని కూడా చెప్పింది.

అలాంటి జబ్బు ఒకటి ఉందని తెలిసినందుకు, నిజం చెప్పాలంటే, నాకు పండగలా అనిపించింది. బయటికి వచ్చేసరికి వసారాలో ఈరన్న నిలబడి ఉన్నాడు. ఎవరో అతనికి సగం సగం చెప్పినట్టున్నారు.

"అంటే తిండి వల్లే కదా సిస్టర్? నేను చెప్పిందే కదా?"

అవునంటే హనుమంతు పని అయిపోతుంది. కాదంటే అబద్ధం. వసారా చివర బెంచీ మీద హనుమంతు ఒక్కడే కూర్చొని ఉన్నాడు. ఇంటికి పోవడానికి భయపడి పొద్దున్నుంచి అక్కడే ఉన్నాడట.

"తిండి వల్లే అన్నా. కానీ తిండిలో ఏమీ లేదు. ఆ ఓళిగలే మీ ఇంట్లో తిన్నా ఇట్లే అయ్యేది" అన్నాను.

అతను నమ్మలేదు. అప్పుడు ఐసీయూ తలుపు దగ్గర నిలబడిన సుంకమ్మ నెమ్మదిగా అంది. "అయ్యింది గదా బావా. మీ పాప పేరు పెట్టిన దినం. నీ ఇంట్లోనే తిని పండుకున్నాడు. పొద్దన్నే తొడలు పట్టేసినాయని మధ్యాహ్నం దంకా లేవలేదు. మూటలు మోసి పట్టినాయని వేడినీళ్ళు కాపినాం."

ఈరన్న వసారా చివరికి నడిచి, బెంచీ మీద హనుమంతు పక్కన కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. కాసేపటికి ఇద్దరూ లేచి క్యాంటీన్ వైపు పోయారు.

కథ అక్కడితో అయిపోలేదు. వారం తిరగకముందే ఈరన్న ఫోన్ చేశాడు. "నేను చెప్తే ఊళ్ళో ఎవురూ వింటా లేరు సిస్టర్. తమ్మునికి మళ్ళ ఏం చేస్తారోనని భయపడి చెప్తాండాడు అంటారు. హనుమంతు వాళ్ళమ్మ గంగమ్మ పొయ్యి ముట్టించేది మానేసింది. నువ్వు ఒకసారి వచ్చి చెప్పల్ల."

సెలవు రోజున బసవరాజు మోటారుసైకిల్ మీద వెళ్ళాం. హనుమంతు ఇంటి ముందు ఆడవాళ్ళు, మగవాళ్ళు చాలామంది కూర్చున్నారు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన ఎర్రిస్వామి కూడా ఉన్నాడు. డాక్టరమ్మ గీసినట్టు నేనూ నేల మీద గుండ్రటి గీత గీసి, ఇన్సులిన్, పొటాషియం అని మొదలుపెట్టాను. ఎవరి ముఖంలోనూ వెలుగు లేదు. మధ్యలో గంగమ్మ లేచింది. సన్నటి మనిషి. తన కుడిచెయ్యి నా ముందు చాపింది.

"ఇవన్నీ నాకు తెల్దమ్మా. ఈ చేత్తోనే తట్టినా ఆ ఓళిగలు. నా చెయ్యి మంచిదా కాదా, అది చెప్పు."

గీసిన బొమ్మ వదిలేశాను. ఆమె చెయ్యి పట్టుకొని, వేళ్ళను నా గొంతు మీద పెట్టుకున్నాను. గొంతుముడి కిందుగా, రెండు వైపులా.

"ఈడ ఒక గ్రంథి ఉంటాదవ్వా. సీతాకోకచిలుక రెక్కలు చాపినట్లుంటాది. మనం ఎంత తినాల, గుండె ఎంత జోరుగా కొట్టుకోవాల, అంతా అదే చూస్తాది. ఎర్రిసామికి అది చెడింది. నీ చెయ్యి చెడలేదు. నేను మింగుతా, చూడు."

మింగాను. ఆమె వేళ్ళ కింద గొంతు పైకి లేచి దిగింది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. చెయ్యి తీసి తన గొంతు మీద పెట్టుకొని, తనూ మింగి చూసుకుంది. పక్కనున్న ఆమె చూసి తన గొంతు పట్టుకుంది. అలా ఒకరి తర్వాత ఒకరు. కొద్దిసేపట్లో వాకిట్లో కూర్చున్నవాళ్ళందరూ, తలలు కొంచెం ఎత్తి, గొంతు మీద వేళ్ళు పెట్టుకొని, గుటకలు మింగుతూ లోపల ఏం కదులుతోందా అని వెతుకుతున్నారు. ఎర్రిస్వామి గొంతు కూడా తడిమి చూశారు. అది మిగతావాటికన్నా కొంచెం లావుగా తగిలిందని గంగమ్మే మొదట చెప్పింది. ఆమె చెప్పాక ఎవరూ మారుమాట్లాడలేదు.

ఇప్పుడు కొత్తగా చేరే ఈఎంటీలకు నేను పాఠాలు చెబుతున్నాను. కాళ్ళు కదలని మనిషి కనిపిస్తే స్పర్శ తెలుస్తోందా చూడమంటాను. నిన్న ఏం చేశాడు, ఏం తిన్నాడు అడగమంటాను. ఊపిరితో అంకెలు చెప్పించడం నేర్పిస్తాను. ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే. కానీ థైరాయిడ్ పాఠం వచ్చినప్పుడు మాత్రం గోడ మీది బొమ్మ చూపించను. ఎవరి గొంతు మీద వాళ్ళ వేళ్ళు పెట్టుకొని మింగమంటాను. జబ్బు ఎక్కడుందో తెలియనప్పుడే జనం దాన్ని పక్కింట్లో వెతుకుతారు. ఇదిగో ఇక్కడుందని వాళ్ళ వేళ్ళకే తగిలేలా చూపించడం కూడా మా పనిలో భాగమేనని ఆ ఊరి వాకిట్లోనే నేర్చుకున్నాను.